రోడ్డు దిగకుండా రివ్యూ

పని చేసేవాడి కన్నా పని చూసేవాడు గొప్పవాడు. ఈ మాట ఒప్పుకోలేనివాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయండి. మిగిలినవాళ్లం మాట్లాడుకుందాం.

నేను బెంగళూరులో ఒక కంపెనీలో కోడ్ రివ్యూ చేస్తాను. అంటే వేరేవాళ్లు ప్రోగ్రాం రాస్తారు, నేను తప్పులు పడతాను. రాసినవాడి తప్పు పదిమందికీ కనిపిస్తుంది. చూసినవాడి తప్పు బయటపడిందని ఎక్కడైనా విన్నారా? కొన్నేళ్లుగా నేను సొంతంగా ఒక్క లైనూ రాయలేదు. కాబట్టి కొన్నేళ్లుగా నా కోడ్‌లో ఒక్క తప్పూ లేదు! ఈ రికార్డు మా ఆఫీసులో ఇంకెవరికీ లేదని మేనేజరు కూడా ఒప్పుకున్నాడు.

ఇది నాకు పుట్టుకతో వచ్చిన విద్య. మాది అనంతపురం జిల్లా, సోమందేపల్లె పక్కన హైవే మీది పల్లె. మా ఊళ్లో బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో ఎవరూ చెప్పలేరు గానీ, ఎండిన బోరు చుట్టూ నిలబడి, అదిగో ఆ రాయి పక్కన వేసుంటే పడేవని చెప్పేవాళ్లకు కరువు లేదు. వాళ్లెవరూ తమ చేలో బోరు వేసుకోరు. వాళ్లకు అప్పులు కూడా ఉండవు. చేయడం ఎక్కువ లాభమా, చూడటం ఎక్కువ లాభమా మీరే చెప్పండి.

సరే, అసలు విషయానికొస్తాను. మా కంపెనీ తయారుచేసేది స్టోరేజ్ సర్వర్. ఒక ఆఫీసులోని ఫైళ్లన్నీ ఒక్కచోట దాచి, ఎవరు అడిగితే వాళ్లకు నెట్‌వర్క్ మీద అందించే డబ్బా అది. దానికో జబ్బుంది. ఇద్దరు ఒకే ఫైలు ఒకేసారి అడిగితే ఒక్కోసారి ఎవరికీ ఇవ్వకుండా బిగుసుకుపోతుంది. కస్టమర్లు ఫోన్ చేసి తిడతారు.

మా టీంలో ఆశ్రిత అని ఒకమ్మాయి ఉంది. కదిరి పిల్ల. ఆ జబ్బు ఎక్కడుందో చూద్దామని లోపలికి పోతే, వచ్చినవాడల్లా తలా ఒక చెయ్యి వేసి వెళ్లిపోయిన కోడ్ కుప్పలుగా పడి ఉందట. ముందు సర్దితే గానీ జబ్బు కనపడదని ఆ పిల్ల కూర్చుని మొత్తం సర్దింది. దీన్నే రీఫాక్టరింగ్ అంటారు. అదే పప్పు, అదే ఉప్పు, డబ్బాలు మాత్రం చేతికందేచోట పెట్టుకోవడం. ఆ సర్దిన మార్పులన్నీ ఒక ప్యాచ్‌గా కట్టి నా దగ్గరికి రివ్యూకు పంపింది.

"అన్నా, మీరు ఊ అంటే ఇది లోపలికి పోతాది. అది పోయినాకనే నేను జబ్బు సంగతి చూసేకయ్యేది. సోమవారంతో రిలీజ్ మూసేస్తారు, ఈ తూరికి ఇంక మార్పులు తీసుకోరు, ఆలోపల కావల్ల" అంది.

"చూడకుండా ఎలా చెప్తానమ్మా? నేను చూసేదాకా ఆ కోడ్‌ను ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పు" అన్నాను.

ఆ మాటలో బరువు గమనించారా? ఒక్క మాటతో టీం మొత్తం చేతులు కట్టుకుని కూర్చుంది. రాసేవాళ్లకు ఈ జన్మలో ఇంత శక్తి వస్తుందా?

నేను చూసే పద్ధతి కూడా చెబుతాను, కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తుంది. ప్యాచ్ చాలా పొడవు. పొడవైనదాన్ని మొత్తం చదవకూడదు, చదివితే అర్థం కావాల్సి వస్తుంది. నేను మొదటి పేజీ దగ్గర ఆగాను. ఒక లైను చివర అక్కర్లేని ఖాళీ దొరికింది. రాశాను. ఒక ఫంక్షన్ పేరు పొట్టిగా ఉంది, గాంభీర్యం లేదు. రాశాను. కోడ్ మధ్యలో, యంత్రం పట్టించుకోకుండా మనుషులు చదువుకోవడానికి రాసే మాటను కామెంట్ అంటారు. అలాంటి ఒక కామెంట్ చివర ఫుల్‌స్టాప్ లేదు. అది ఆ పిల్ల రాసింది కూడా కాదు, ఎప్పటిదో పాత కామెంట్. అయితే మాత్రం వదిలేస్తామా? విషయం తీవ్రమైంది గనక దానికి విడిగా ఒక మెయిల్ రాశాను.

ఆశ్రిత ఆ పూటే దిద్ది పంపింది. చూస్తే ఫంక్షన్ పేరు ఇప్పుడు మరీ పొడుగైంది. మళ్లీ రాశాను. ఆ జబ్బున్న చోట ఆమె ఏం సర్దింది, ఎలా సర్దింది అంటారా? అంత లోపలికి నేను పోలేదు. అక్కడ నాకు దారి తెలియదు. తెలియదని ఒక సీనియర్ మెయిల్‌లో రాసుకుంటాడా?

ఇలా ఉండగా శనివారం వచ్చింది. ల్యాప్‌టాప్ సంకన పెట్టుకుని ఊరికి బస్సెక్కాను.

మా అమ్మ బయమ్మ బొరుగుల ఉగ్గాని పెట్టింది. పసుపు అన్నివైపులా సమంగా పడలేదని సూచించాను. ఆమె నా ముందున్న పళ్లెం ఎత్తుకుపోయింది. ఇంట్లోవాళ్లకు రివ్యూ విలువ ఇంకా తెలియలేదు.

కొట్టం దగ్గర మా నాయన బయ్యన్న ఎద్దుల పక్కన ఊరికే కూర్చున్నాడు. విత్తనం వేసే గొర్రు సిద్ధంగా ఉంది, ఉలవల మూట సిద్ధంగా ఉంది. మనిషి మాత్రం కదలడం లేదు.

"ఏం నాయనా, ఇట్ల కూర్చున్నావు?" అన్నాను.

"ఏం జేసేదప్పా. శెనక్కాయ ఊడ దిగి కాయ పట్టేటప్పుడు వాన ల్యాకపాయ. అంతా యండిపోయినాక మొన్న పడినాది. నేల్లో తడి పదునుండాది, దున్నేసి ఉలవలన్నా యేసుకుందామనుకుంటి. తలారి తిప్పన్న వచ్చి, కరువు సూసేకి బృందం వస్తాండాది, వాళ్లు సూసేదాంక చేను ముట్టుకోవద్దని చెప్పిపోయినాడు. ముట్టుకుంటే పరిహారం రాదంట."

"న్యాయమే కదా. చూడకుండా ఎలా రాస్తారు?" అన్నాను. వృత్తి మర్యాద కొద్దీ.

"పదును వాళ్ల కోసరం నిలబడదు గదప్పా" అన్నాడు నాయన.

ఆ రోజు బృందం రాలేదు. ఆదివారం అసలే రాదు. వాళ్ల రాక చూద్దామని నేను సెలవు పెట్టి ఆగిపోయాను. సోమవారం పొద్దున ఫోన్ వైరుకు ల్యాప్‌టాప్ తగిలించి, మోడెం కీచుమని అరిచాక మెయిల్ తెరిస్తే ఆశ్రిత. "అన్నా, ఈ పొద్దే ఆఖరు. ఏమన్నా చూసినారా?" పరిశీలనలో ఉందని జవాబిచ్చాను. అబద్ధం కాదు, మొదటి పేజీ పరిశీలనలోనే ఉంది.

మధ్యాహ్నానికి కార్లు వచ్చాయి. నాయన ఉతికిన పంచె కట్టుకుని, ఎండిన శెనక్కాయ చెట్టొకటి పీకి చేత్తో పట్టుకుని, పొద్దున్నుంచి గట్టు మీదే నిలబడి ఉన్నాడు. నల్లకళ్లద్దాల అధికారి ఒకాయన కారు దిగాడు. రోడ్డు మాత్రం దిగలేదు. చచ్చిన చెట్ల మధ్య మొన్నటి వానకు గడ్డి లేచి ఉంది.

"పచ్చగానే ఉందిగా" అన్నాడాయన.

"అది గడ్డి సామీ. ఒగసారి దిగి సూడండి, కాయే ల్యాదు" అని నాయన చెట్టు పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు.

ఆయన చెట్టు వైపు చూడలేదు. "సాళ్లు వంకరగా ఉన్నాయే. తిన్నగా వేసుకోవాలి" అన్నాడు. చేతిలోని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కారు తలుపు పడింది, అందరూ భోజనానికి పెనుకొండ వైపు పోయాయి.

నేను మనసులోనే ఆయనకు దండం పెట్టాను. ఎంత చేను, ఎంత లోపలికి ఉంది, చెప్పుకు మన్నంటకుండా తేల్చేశాడు! ఆ వంకర సాలు ఎంచుకోవడం చూశారా, అది అనుభవం మీద గానీ రాదు. మా కంపెనీకి వస్తే నా పక్క కుర్చీ ఇప్పించేవాణ్ణి.

నాయన చెట్టు పారేసి, చేలోకి దిగి పిడికెడు మన్ను తీసి పిసికాడు. వేళ్ల సందుల్లోంచి దుమ్ములా రాలిపోయింది. పదును ఆరిపోయింది, ఆయన ఎద్దులను గొర్రుకు కట్టడానికి పోలేదు. ఉలవల మూట ఎత్తి మళ్లీ ఇంట్లో పెట్టాడు.

"మీ ఆపీసులో గూడ ఇట్ల సూసిపొయ్యేవాళ్లు ఉంటారేమప్పా?" అని అడిగాడు.

"ఉంటారు నాయనా. పెద్ద పోస్టే అది."

"వాళ్లకు తిండెట్ల దిగుతాది?"

ఆయనకు నా ఉద్యోగం గురించి నిజంగానే తెలియదు. కంప్యూటర్ పని అని మాత్రమే చెప్పుకున్నాను. ఆ పూట అమ్మ పెట్టిన సంగటి గురించి నేనేమీ సూచించలేదు.

ఇంక ఆ ప్యాచ్ మొత్తం చదివి తీరాలని కూర్చున్నాను. భయపడకండి, మనసు మారి కాదు, సెలవు ఇంకా మిగిలి ఉంది. మోడెం అరిచింది. ఆశ్రిత నుంచి మెయిల్ ఉంది.

"అన్నా, రిలీజ్ మూసేసినారు. సర్దిన ప్యాచ్ వెనక్కి తీసుకుంటాండాను, రేపట్నుంచి నేను వేరే టీంకు పోతాండాను. పాత కోడ్ ఎట్లుండాదో అట్లనే ఉండాది. మీరు విడిగా మెయిల్ రాసినారు గదా, అదొక్కటి చేసి పంపినాను. చూడండి."

తెరిచాను. చిన్న ప్యాచ్. పాత కామెంట్ చివర ఒక ఫుల్‌స్టాప్.

నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఒక ప్యాచ్‌ను మొదటి నుంచి చివరిదాకా చదివాను. లోపలికి పోయి చూశాను, రోడ్డు దిగి చూశాను. ఎంత వెతికినా ఒక్క తప్పూ దొరకలేదు. వెంటనే ఊ అన్నాను.

సర్వర్ ఇప్పటికీ బిగుసుకుపోతూనే ఉంది. కస్టమర్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఆ చుక్క మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంది.