ఇరవై మూడు తప్పుల నోటీసు

ఆ బుధవారం ఉదయం విద్యాసాగర్ గారికి ఒకటే పని. ఏడు గంటల బ్యాచ్‌లోని పన్నెండు మంది పిల్లలకు ఆదివారం టైపు పరీక్ష. పది దాకా వాళ్లతో స్పీడు చేయించి, తర్వాత తీరిగ్గా చాయ్ తాగాలనుకున్నారు. అబిడ్స్ సందులో, బట్టల దుకాణం పైన, రెండో అంతస్తులో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ ముప్పై ఒక్క ఏళ్లుగా నడుస్తోంది. కంప్యూటర్లు వచ్చాక మూతపడుతుందని చాలామంది అన్నారు. అన్నవాళ్ల పిల్లలే ఇప్పుడు సర్కారు కొలువు కోసం ఆయన దగ్గర ఏ ఎస్ డి ఎఫ్ కొడుతున్నారు.

ఎనిమిదిన్నరకు కింద దుకాణం నడిపే బిల్డింగ్ ఓనరు బాలకిషన్ సేట్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"సార్, పది గంటలకు మున్సిపాలిటోళ్లు వస్తున్నరంట. దుకాణాల ఏరియాల చదువు చెప్పే జాగాలు ఎన్నున్నయో చూస్తరంట. మీకు సుత నోటీసు ఇచ్చిన్రు గద?"

"ఇచ్చిన్రు. మొత్తం చూసిన," అన్నారు విద్యాసాగర్ గారు సొరుగులోంచి దాన్ని తీస్తూ.

చూసిన మాట నిజమే. కాకపోతే అది టైపు మాస్టారి చూపు. "విషయంలోకి పోవద్దు, అక్షరం మీద కన్నుంచు" అని ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు చెప్పీ చెప్పీ, ఏ కాగితమైనా అలాగే చదవడం ఆయనకు అలవాటైపోయింది. పెళ్లి శుభలేఖలో కూడా ఆయన అక్షరాల మధ్య ఎడమే చూస్తారు, ముహూర్తం ఎప్పుడో భార్య ప్రభావతి చెప్పాలి. ఈ రెండు పేజీల నోటీసులోనూ ఎర్ర పెన్నుతో ఇరవై మూడు తప్పులకు సున్నాలు చుట్టి, కింద "ఫెయిల్" అని రాసి, సంతకం కూడా చేశారు.

"ఏమున్నది సార్ అండ్ల?"

"మార్జిన్ సక్కగ లేదు."

"గది కాదు సార్. మనల్ని ఉంచుతరా, బంద్ చేస్తరా?"

విద్యాసాగర్ గారు మొదటిసారి దాన్ని మామూలు మనిషిలా చదివారు. అదీ శీర్షిక మాత్రమే. "వాణిజ్య ప్రాంతాలలో విద్యాసంస్థలు: తనిఖీ, సీలు వేయుట". సీలు పడితే పిల్లలు ఆదివారం పరీక్షకు ఏ మిషను మీద తయారవుతారు? ఈ వయసులో తనకు ఇంకో పని ఏం వస్తుంది? కానీ ఆయన భయం ఎప్పుడూ రెండు నిమిషాలకు మించి నిలవదు.

"ఫికర్ చెయ్యకు సేట్. దుకాణాల జాగాల బడి ఉండొద్దు, అంతే గద? ఆఫీసు ఉండొచ్చు. మన దగ్గర పన్నెండు మిషన్లున్నయ్, పన్నెండు మంది మనుషులున్నరు. ఆఫీసుకు ఇంకేం కావాలె?"

అడ్మిషన్ల పుస్తకం రాసుకుంటున్న ప్రభావతి తలెత్తింది. "రెండో పేజీ సుత జర చదువున్రి."

"రెండో పేజీల తొమ్మిది తప్పులే," అంటూ ఆయన నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇన్‌స్టిట్యూట్ బోర్డును గోడవైపు తిప్పేశారు. క్లాసులో అందరికన్నా చురుకైన కామాక్షి ఒక అట్టమీద "ఆఫీస్, 10 నుంచి 5" అని పెద్దక్షరాలతో రాసి మెట్ల కింద అతికించింది. ఏ ఆఫీసో రాయలేదు. ఎవరైనా అడుగుతారని ఎవరికీ తోచలేదు.

నిజంగానే ఎవరూ అడగలేదు. నిన్నంతా నాంపల్లిలో మూడు ఆఫీసులు తిరిగి, ఈ పొద్దున మళ్లీ బస్సు కోసం ఇటు వస్తున్న మొగులయ్య అనే పెద్దాయన అట్ట చూసి నేరుగా పైకి వచ్చాడు.

"పింఛన్ అర్జీ గీడనేనా?"

ప్రభావతి కాదని చెప్పబోయింది. ఈలోగా విద్యాసాగర్ గారికి, జనం లేని ఆఫీసును ఎవరు నమ్ముతారనిపించింది. "గీడనే. టోకెన్ తీస్కొని కూసోండి," అని ఒక చీటీ మీద ఒకటి వేసి ఇచ్చారు. పెద్దాయన చెప్పింది కామాక్షి చకచకా టైపు చేసి చేతిలో పెట్టింది. స్పీడు ప్రాక్టీసు కూడా అయిందని మాస్టారు మురిసిపోయారు.

మొగులయ్య ఆ కాగితం పట్టుకుని వీధిలో నలుగురికి చూపించాడు. ఆ నలుగురూ వచ్చారు. నలుగురు నిలబడ్డ చోట ఇంకో పదిమంది నిలబడటానికి అబిడ్స్‌లో కారణం అక్కర్లేదు.

"ఏమిస్తున్నరు?"

"తెల్వదు. టోకెన్ అయితే ఇస్తున్నరు."

తొమ్మిదిన్నరకల్లా వరస మెట్లు దిగి, బట్టల దుకాణం గుమ్మాన్ని మూసేసి, సందు చివరిదాకా పోయింది. బేరాలు పోతున్నాయని పోట్లాడటానికి బాలకిషన్ సేట్ పైకి వచ్చాడు. వచ్చి, గొంతు తగ్గించి, "సార్, నల్లా కనెక్షన్ పేరు మార్చేది ఉన్నది. నాకు సుత ఒక టోకెన్ ఇయ్యున్రి," అన్నాడు.

సరిగ్గా పదింటికి టౌన్ ప్లానింగ్ అధికారి జమున వచ్చింది. తనిఖీకి వచ్చానని చెప్పినా వరసలోవాళ్లు వినలేదు. "అందరికి పనే ఉన్నదమ్మా, లైన్ల రా," అన్నారు. ఆమె అరగంట నిలబడి, పంతొమ్మిదో నంబరు టోకెన్‌తో లోపలికి అడుగుపెట్టింది.

మెడలో గుర్తింపు కార్డు కనబడగానే ఆఫీసు మనుషుల్లా కూర్చోవాలని మాస్టారు నేర్పిందంతా పిల్లలు మరిచిపోయారు. పన్నెండు మందీ ఒక్కసారి లేచి, రాగం తీస్తూ "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు.

"ఇది ఏం ఆఫీసండీ?" అంది జమున.

"జనరల్ ఆఫీసు మేడమ్," అన్నారు విద్యాసాగర్ గారు తొణక్కుండా. "చదువుకూ మాకూ ఏం సంబంధం లేదు."

"అట్లయితే సీలు వెయ్యాలె. ఈ బిల్డింగ్ ప్లాన్‌ల రెండో అంతస్తు శిక్షణ కేంద్రమని ఉన్నది. పాత శిక్షణ కేంద్రాలకు పర్మిషన్ ఇయ్యాలని ఆర్డర్ ఉన్నది. అది తీసేసి ఆఫీసు పెడితే మాత్రం బంద్. రెండో పేజీల రాసినం గద, చదవలేదా?"

విద్యాసాగర్ గారు జేబులోంచి నోటీసు తీశారు. రెండో పేజీలో, తాను చుట్టిన రెండు సున్నాల మధ్య, ఆ మాట స్పష్టంగా ఉంది. ఆయన ముఖం చిన్నబోయింది.

"మేడమ్, ఇది ఇన్‌స్టిట్యూటే. భయమై ఆఫీసన్న. తప్పు నాది. పిల్లలకు ఆదివారం పరీక్ష ఉన్నది, వాళ్లను జర చూడున్రి."

చుట్టాన్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చిన మొగులయ్య ఊరుకోలేదు. "ఉత్తదే బిడ్డా, పక్కా ఆఫీసే. నేను అడిగిన, వెంటనే చేసిచ్చిన్రు. పైసా తీస్కోలే. మర్యాదగ కూసోమన్నరు." వరసలోవాళ్లంతా ఔనంటే ఔనన్నారు. వాళ్లు సాక్ష్యం చెప్పినకొద్దీ విద్యాసాగర్ గారి ప్రాణం పోతోంది.

జమున మిషన్ల వెనక నిలబడ్డ పన్నెండు మందినీ, వరసనూ చూసింది. ఫైలు తెరిచి పెన్ను తీసింది.

"పొద్దుగాల్నే అందరు సీట్లల్ల ఉన్నరు. మనిషి వస్తే లేచి నిలబడ్డరు. అడిగిన పని అప్పుడే చేసిచ్చిన్రు, పైసా ముట్టలే. పెద్దాయనా, నేను పద్దెనిమిదేండ్ల సంది నౌకరీ చేస్తున్న. ఇది ఆఫీసు కాదు."

అక్కడికక్కడే అనుమతి పత్రం నింపి, సంతకం చేసి ఇచ్చింది. ఫైలు కోసం నోటీసు వెనక్కి తీసుకుని, ఎర్ర సున్నాలూ, కింద "ఫెయిల్" అన్న మాటా చాలాసేపు చూసింది. "ఇది టైపు చేసినాయన్ని రేపటి సంది మీ ఏడు గంటల బ్యాచ్‌కు పంపిస్త," అంది.

విద్యాసాగర్ గారు అనుమతి పత్రాన్ని రెండు చేతులా అందుకుని, మొదటి పంక్తి మీద కన్నుపడగానే ఎర్ర పెన్ను కోసం జేబు తడుముకున్నారు. పెన్ను అప్పటికే ప్రభావతి హ్యాండ్‌బ్యాగులో ఉంది.