‘తప్పు నాదే’ అనే వాక్యంపై అభ్యంతరాలు

మనిషికి చెవులు పుట్టుకతోనే వస్తాయి. కానీ ఆ చెవుల్లోకి ఏది వెళ్ళాలో, ఎంతసేపు వెళ్ళాలో, ఎవరి సంతకం మీద వెళ్ళాలో తేల్చే ఏర్పాటు మాత్రం శ్రవ్య నాటక వికాస మండలి పుట్టిన తర్వాతే జరిగింది. అంతకుముందు జనం ఏది పడితే అది వినేసేవారు.

ఈ మండలి ఏటా పన్నెండు రోజుల శిక్షణా శిబిరం నడుపుతుంది. రేడియో నాటకం రాయడం, తయారు చేయడం, గొంతుతో నటించడం, మూడూ నేర్పుతారు. అందరి నాటకాల్లోకీ మేలైనదాన్ని చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు ప్రసారం చేస్తారు. దరఖాస్తుకు రెండు ఫొటోలు జత చేయాలి. ఒకటి ఎదురుగా తీసినది, రెండోది చెవి పూర్తిగా కనిపించేలా పక్కనుంచి తీసినది. (కుడి చెవా, ఎడమ చెవా అన్నది నిబంధనల్లో లేదు. అందుచేత మొదటి ఏడాది దరఖాస్తులన్నీ తిరస్కరించారు.)

ఈ ఏడాది ముందుచూపుతో రెండు చెవులూ పంపి సీటు సంపాదించిన వాళ్ళలో చెల్లెలు ఒకతె. ఆమెను చెల్లెలు అనే అంటాం, ఎందుకంటే ఆమె శిబిరానికి వచ్చింది ఆ హోదాలోనే. రక్తపరీక్షల ల్యాబులో సూది గుచ్చి రక్తం తీయడం ఆమె ఉద్యోగం. రోజుకు అరవై మందితో “అస్సలు నొప్పుండదండీ” అని చెక్కుచెదరని ముఖంతో చెబుతుంది కాబట్టి, నటనలో పూర్వానుభవం ఉన్నట్టే లెక్క.

ఆమెకు కళ మీద మోజేమీ లేదు. అక్కతో మాటల్లేవు, అంతే.

రెండేళ్ళ కిందట వాళ్ళమ్మ పోయిన నెలకి, బంధువులంతా కూర్చుని ఉన్నప్పుడు, అమ్మ చేతిగడియారం కనిపించడం లేదన్న మాట వచ్చింది. చెల్లెలు ఉన్నపళంగా లేచి, “గడియారం నువ్వే తీశావక్కా! నీ మొహమే చెబుతోంది!” అనేసింది. అక్కడ పదకొండు మంది ఉన్నారు. అక్క చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మొన్నీమధ్య చెల్లెలు అటక దులుపుతూ, అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడిన తన సంచిని కిందికి దించింది. లోపలి అస్తరు చిరిగి ఉంది. ఆ చిరుగులో గడియారం ఉంది. ఆ సంచిని ఆసుపత్రి నుంచి తన ఇంటికి తెచ్చుకున్నది తనే. రెండేళ్ళుగా దొంగసొత్తు ‘దొంగ’ అని అరిచినదాని నెత్తిమీదే ఉందని తెలిసి, చెల్లెలు నిచ్చెన మీదే కూర్చుని భోరుమంది.

ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. అక్క నడిపే దర్జీ కొట్టుకు వెళితే లోపలికి వెళ్ళిపోయింది. చివరికి మామయ్య మధ్యలో దూరి ఒక కబురు తెచ్చాడు.

“పదకొండు మంది ముందు అంది కదా, ఆ పదకొండు మందీ వినేలా చెప్పమను, అప్పుడు తలుపు తీస్తా అంటోందే. మొండిఘటం, నీకు తెలుసుగా.”

ఆ పదకొండు మందీ ఇప్పుడు తలో దిక్కునా ఉన్నారు. ఒకరు వస్తే ఒకరు రారు. కానీ అక్క కొట్టులో పొద్దుట షట్టరు లేచింది మొదలు రేడియో మోగుతూనే ఉంటుంది, మధ్యాహ్నం మూడింటికి వచ్చే నాటకం అసలు వదలదు. ఆ పదకొండు మందికీ ఫోన్లు చేసి, ఎక్కడివాళ్ళు అక్కడే వినేలా చూస్తానన్నాడు మామయ్య. అదీ సంగతి. ల్యాబులో పన్నెండు రోజులు సెలవు పెట్టి చెల్లెలు కళాసేవకు దిగింది.

మొదటి రోజు ప్రారంభోత్సవం. సంచాలకులు “నాటకంలో నిశ్శబ్దం విలువ” అనే అంశంపై గంటా నలభై నిమిషాలు ప్రసంగించారు. రెండో రోజు, మొదటి రోజు బాగా జరిగినందుకు అభినందన సభ. మూడో రోజు గుర్తింపు కార్డుల పంపిణీ. (కార్డుల మీద చెవి ఫొటోలు అంటించినందువల్ల గేటు దగ్గర కాపలాదారు అందరినీ తల పక్కకు తిప్పమని, సరిచూసుకుని లోపలికి పంపేవాడు.) నాలుగో రోజు పొరపాటున పాఠం మొదలైంది.

పాఠం చెప్పిన మనిషి చప్పుళ్ల మాస్టారు. జల్లెడలో ఎండు బఠానీలు పోసి వాన కురిపించగలడు. ఒక్క తోలు సంచిని నలిపి ఇద్దరు మనుషులు మంచం మీద ఎడమొహం పెడమొహంగా పడుకోవడం వినిపించగలడు. ఇరవై రెండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. ఆయన్ను పర్మనెంటు చేసే దస్త్రం కదులుతున్న చప్పుడు మాత్రం ఆయన కూడా చేయలేకపోయాడు.

“చూడు తల్లీ,” అన్నాడు చెల్లెలు రాసిన మొదటి కాగితాలు తిరగేసి. “‘ఎర్ర చీర కట్టుకున్న అక్కా, ఇలా రా’ అని రాశావు. ఎవరైనా అలా పిలుస్తారా? వినేవాడికి చీరతో పనేంటి? అక్క అలిగిందని తెలియాలి. కుర్చీ జరిపిన చప్పుడు చాలు.”

“క్షమాపణ చెప్పే సీను ఎంతసేపు ఉండాలి మాస్టారూ?”

“నింద వేసే సీను పెద్దగా రాయి. క్షమాపణ మాత్రం చిన్నగా ఉండాలి. ఆఖరి పేజీలో నాలుగు ముక్కలు. ఎక్కువ మాట్లాడితే సంజాయిషీ అయిపోతుంది.”

ఆ మాట ఆమె మనసుకు పట్టింది. పన్నెండో పేజీ దాకా నింద, గొడవ, అక్క వెళ్ళిపోవడం. పదమూడో పేజీలో, రెండేళ్ళ తర్వాత, నలభై సెకన్లు: “గడియారం నా సంచిలోనే దొరికింది. తప్పు నాదే అక్కా.” రాసి, పైకి చదువుకుని, కళ్ళు తుడుచుకుంది. అక్క ముందు నిలబడితే పెగలని గొంతు కాగితం మీద మాత్రం బాగానే పెగిలింది.

ఇక నిర్మాణం. నాటకంలో వాడే ప్రతి చప్పుడుకీ ఆరో నంబరు ఫారం నింపాలి. తలుపు తెరవడం ఒక ఫారం, మూయడం మరొకటి. ఓరగా వేయడానికి పై అధికారి ప్రత్యేక అనుమతి కావాలి. స్టూడియో తలుపు ఆరేళ్ళుగా కిర్రుమంటోంది. నాటకానికి సరిగ్గా అలాంటి కిర్రే కావాలి. చెల్లెలు ఫారంలో “కిర్రుమనే తలుపు, ఒకటి” అని రాసింది. దాంతో భవనాల విభాగం ఉలిక్కిపడింది. తమ తలుపు కిర్రుమంటుందని రేడియోలో వినిపిస్తే సాక్ష్యం ఇచ్చినట్టవుతుందని, గంటలో మనిషిని పంపి నూనె వేయించింది. ఆరేళ్ళలో ఆ భవనంలో జరిగిన మరమ్మతు అదొక్కటే. మాస్టారు నిట్టూర్చి, పాత కుర్చీ ఒకటి తెచ్చి, దాని మీద అటూ ఇటూ ఊగి కిర్రును పునరుద్ధరించాడు.

ఎనిమిదో రోజు అభ్యంతరాల అధికారి పిలిపించారు. చాలా మర్యాదస్థుడు. కూర్చోమన్నారు, ఫ్యాను వేశారు.

“మేడమ్, నాటకం అద్భుతం. నాకు కళ్ళు చెమర్చాయి. పదమూడో పేజీలోనే చిన్న ఇబ్బంది.”

“ఏంటి సార్?”

“ఇక్కడ ఈ పాత్ర తప్పు ఒప్పుకుంటోంది.”

“అవును సార్. నాటకం ఉన్నదే అందుకు.”

“మా సంస్థ పెట్టిన దగ్గర్నుంచీ ఇక్కడ ఒక్కసారి తప్ప ఎవరూ ఒప్పుకోలేదు మేడమ్,” అన్నారాయన నొచ్చుకుంటూ.

విషయమేమిటంటే, తొమ్మిదేళ్ళ కిందట ఒక నాటకంలో బస్సు కండక్టరు పాత్ర “తప్పు మాదే, క్షమించండి” అంది. మర్నాటి నుంచి మూడు వందల పన్నెండు మంది మండలి గేటు ముందు వరుసకట్టారు. ఒకరిది రాని బస్సు, ఒకరిది అందని ఉత్తరం, ఒకావిడది సరిగ్గా కుదరని సంబంధం. తప్పు మీదే అన్నారుగా, రాసివ్వండి అన్నారు. మండలి అత్యవసరంగా ఒక కమిటీ వేసి, “మేము చింతించడం లేదని తెలియజేయుటకు చింతిస్తున్నాము” అని ప్రకటన ఇచ్చేదాకా వరుస తరగలేదు. ఆనాటి నుంచి పద్నాలుగో నిబంధన అమల్లోకి వచ్చింది: మండలి నాటకాల్లో ఏ పాత్రా తప్పు తనదని చెప్పరాదు.

“మరి పన్నెండో పేజీలో అక్కని దొంగ అంటున్నాను కదా సార్. దానికి అభ్యంతరం లేదా?”

“అబ్బే! అది ఎదుటివాళ్ళ మీద కదా. ఎదుటివాళ్ళని ఏమన్నా అనుకోవచ్చు. దాన్నే సంఘర్షణ అంటారు. నాటకానికి ప్రాణం.”

అక్కడి నుంచి మూడు రోజులు బేరం నడిచింది. “తప్పు నాదే” అన్నది మొదట “పొరపాటు నాదే” అయింది, ఆపైన “పొరపాటు జరిగి ఉండవచ్చు” అయింది. చివరికి “కలిగిన అసౌకర్యానికి చింతించడమైనది” దగ్గర స్థిరపడింది. ఎవరు చింతిస్తున్నారో తెలియకపోవడం దాని ప్రత్యేకత. గడియారం “నా సంచిలోనే” దొరికిందన్నదాన్ని “ఒకానొక సంచిలో” అని దిద్దారు. ఇక్కడ మాత్రం చెల్లెలు మొండికేసింది. రోజుకు అరవై మందికి సూదులు గుచ్చే మనిషి, అంత తేలిగ్గా వదల్లేదు.

“సార్, ఆ ఒక్క ‘నా’ ఉంచండి. మిగతాదంతా మీ ఇష్టం. ఆ ‘నా’ లేకపోతే మా అక్క తలుపు తీయదు సార్.”

అధికారి కరిగారు. తాను తానేనని చెల్లెలు స్టాంపు కాగితం మీద రాసిచ్చాక, ప్రత్యేక సందర్భంగా పరిగణించి, ఒక ‘నా’ మంజూరు చేశారు. ఇతరులు దీన్ని ఉదాహరణగా చూపరాదని అంచున రాశారు.

“ఇంకేం, చాలు,” అన్నాడు చప్పుళ్ల మాస్టారు కాగితం చూసి. “మాటలు వాళ్ళవి, గొంతు నీదే కదా. ‘నా సంచిలోనే’ అన్నాక ఆగు. ఒక్క ఊపిరి తీసుకో, మైకుకి దగ్గరగా. మీ అక్క ఎదురుగా ఉందనుకో. ఊపిరి స్క్రిప్టులో ఉండదు తల్లీ, కొట్టేయడానికి వాళ్ళకి అక్షరం దొరకదు.”

రికార్డింగు రోజున ఎర్ర దీపం వెలిగింది. నింద వేసే సీనులో చెల్లెలు గొంతు కత్తిలా మోగింది. అభ్యాసం ఉన్న మాటలే కదా. ఆఖరి పేజీలో “గడియారం నా సంచిలోనే దొరికింది” అని ఆగి, ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి మధ్యలో విరిగింది. చింతించడమైనది అన్న ఆఫీసు మాట కూడా ఆ వణుకులో పడి మనిషి మాటైపోయింది. అద్దం వెనక మాస్టారు జల్లెడ పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదలడం అందరూ చూశారు.

ప్రసారానికి చెల్లెలి నాటకమే ఎంపికైంది. ఒకే ఒక్క నాటకానికి అన్ని అభ్యంతరాలూ తీరాయి కాబట్టి పోటీ లేకపోయింది. మామయ్య పదకొండు మందికీ ఫోన్లు చేశాడు. అక్క దగ్గరికి స్వయంగా వెళ్ళొచ్చాడు. “వింటానంది. మూడుంపావుకి రమ్మను, టీ పెడతానంది,” అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. చెల్లెలు గడియారాన్ని చేతిరుమాల్లో చుట్టి పర్సులో పెట్టుకుంది.

పన్నెండో రోజు ఉదయం పదిన్నరకు మండలిలో కొత్త అదనపు సంయుక్త సంచాలకులు బాధ్యతలు స్వీకరించారు. ప్రతి నాటకం చివరా అధికారులకు హోదాల వారీగా ధన్యవాదాలు చెప్పడం ఆనవాయితీ. వీరి పేరును బిరుదులతో, పట్టాలతో, పాత పదవులతో సహా చదవడానికి నలభై ఒక్క సెకన్లు పడుతుంది. నాటకానికి ఇచ్చింది పదిహేను నిమిషాలే, ఆ వెంటనే వాతావరణ సూచన. ధన్యవాదాలు తగ్గించడం కుదరదు. వాతావరణాన్ని ఆపడం మండలి పరిధిలో లేదు. సమయపాలన అధికారి నాటకాన్ని శ్రద్ధగా విని, ఆఖరి పేజీలో కొత్త సంఘర్షణ ఏదీ లేదని గుర్తించి, అది తీసేశారు. (ఒక సెకను లోటు వచ్చింది. దాన్ని మాస్టారి పేరు తొలగించి సర్దారు.)

మూడు గంటలకు హాలులో అందరినీ కూర్చోబెట్టి రేడియో పెట్టారు. వాన కురిసింది. కుర్చీ జరిగింది. తలుపు కిర్రుమంది. చెల్లెలు గొంతు హాలంతా నిండింది: “గడియారం నువ్వే తీశావక్కా! నీ మొహమే చెబుతోంది!” అక్క చెప్పుల చప్పుడు దూరమైంది. చెల్లెలు పర్సు గట్టిగా పట్టుకుని, పదమూడో పేజీ కోసం ఊపిరి బిగబట్టింది.

“ఈ నాటక రూపకల్పనకు మార్గదర్శనం చేసిన గౌరవనీయులు…” అంది రేడియో.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కొత్త అదనపు సంయుక్త సంచాలకులు చేయి ఊపారు.

ముందు, ఆ పదకొండు మందిలో ఒకతె అయిన పిన్ని ఫోన్ చేసింది. “భలే చెప్పావే పిల్లా! నేను అప్పుడే అనుకున్నా, అది తీసే ఉంటుందని. ఇన్నాళ్ళకి రేడియోలో కూడా చెప్పేశారు.”

తర్వాత మామయ్య. “ఏం పని చేశావే?”

“ఇంకా ఉంది మామయ్యా! కోసేశారు. ఆఖర్లో ఉంది మామయ్యా, నా సంచిలోనే…”

“నాకు చెప్పి ఏం లాభం? అందరూ విన్నది ఇదేగా. అక్క రేడియో కట్టేసి షట్టరు దించేసింది. నిన్నొక మాట అడగమంది.”

“ఏమని?”

“‘ఆ పదకొండు మంది చాల్లేదా’ అని.”

చెల్లెలు సంచాలకుల గదికి పరుగెత్తింది. రేపు సవరణ ప్రసారం చేయండి సార్, నలభై సెకన్లే, అని బతిమాలింది. సంచాలకులు ఓపిగ్గా విన్నారు. సవరణ ప్రసారం చేస్తే తప్పు జరిగినట్టు ఒప్పుకున్నట్టవుతుందని, దానికి పద్నాలుగో నిబంధన అడ్డొస్తుందని వివరించారు. వచ్చే ఏడాది శిబిరానికి దరఖాస్తు పెట్టుకోమన్నారు. పాత ఫొటోలు పనికొస్తాయన్నారు.

బయట బల్ల దగ్గర గుమాస్తా సర్టిఫికెట్లు ఇస్తున్నాడు. సర్టిఫికెట్టు కావాలంటే అభిప్రాయ పత్రం నింపాలి. నింపకపోతే పన్నెండు రోజులూ గైర్హాజరు కింద రాస్తారు, ల్యాబులో సెలవు చెల్లదు. అందులో ఒకటే ప్రశ్న ఉంది: “ఈ శిబిరం వల్ల మీ కుటుంబ జీవితంలో మార్పు వచ్చినదా?” దాని కింద రెండు గడులు: “చాలా వచ్చినది”, “శాశ్వతముగా వచ్చినది”.

చెల్లెలు రెండు గడులూ మళ్ళీ చదివింది. వెనక వరుస పెరుగుతోంది. “త్వరగా కానివ్వండమ్మా,” అన్నాడు గుమాస్తా. ఆమె రెండో గడిలో టిక్కు పెట్టి ఇచ్చేసింది.

ఆ జవాబును మండలి ఈ ఏటి విజయాల పట్టికలో మొదటి వరుసలో చేర్చింది.