తివాచీకో సూత్రం

ఆ ఉదయం లెక్కల మాస్టారికి ఉన్న పని ఒక్కటే. అత్తగారు రెండేళ్లు కూర్చుని నేసిన తివాచీని కొత్త గదికి సరిపడా కత్తిరించుకు రావాలి. పదకొండింటికల్లా తిరిగొచ్చి ఓ కునుకు తీయాలని కూడా అనుకున్నారు. తివాచీ పాత ఇంటి హాలుకు సరిపోయింది గానీ, ఈ గది పొడవు అయిదు మీటర్లు, వెడల్పు నాలుగు.

భార్య గోడకు మోచెయ్యి ఆనించి చూపించింది. "చుట్టూ మూరెడు వదలండి, చాలు. అంచున ఉత్త ఎరుపు పోతే పోయింది, మా అమ్మ నేసిన లతలు మాత్రం పోనివ్వకండి."

"మూరేమిటి మూర! ముప్ఫయ్యేళ్లు వర్గ సమీకరణాలు చెప్పినవాడి ఇంట్లో!"

గదిలో అయిదింట మూడు వంతులు, అంటే పన్నెండు చదరపు మీటర్లు తివాచీ ఉంటే కంటికి ఇంపుగా ఉంటుందని ఆయనే తీర్మానించారు. చుట్టూ వదిలే ఖాళీని x అనుకున్నారు. పాత కవరు వెనక 2x² − 9x + 4 = 0 అని తేలింది. సూత్రం వేస్తే జవాబులు రెండొచ్చాయి: ఎనిమిది, ఒకటి. నాలుగు మీటర్ల గదిలో ఎనిమిది మీటర్ల ఖాళీ ఎలా వదులుతారు? దాన్ని కొట్టేసి, తన తెలివికి తనే మురిసిపోయారు. ఖాళీ మీటరు, తివాచీ పొడవు మూడు, వెడల్పు రెండు.

తివాచీలు కోసే అతను ఒకప్పటి శిష్యుడే. పదో తరగతిలో ఇలాంటి లెక్కకే మాస్టారు సున్నా వేసి, క్లాసంతా వినేలా "సున్నాగాడు" అన్నారు. చదువు ఆ ఏడే ఆగిపోయింది. పేరు మాత్రం ఇప్పటికీ ఉంది.

అతను కవరు చూసి తల గోక్కున్నాడు. "మాస్టారూ, ఒక్కసారి ఇక్కడ..."

"ఒరేయ్ సున్నా, నాకు లెక్కలు చెప్తావా? రాసినట్టు కొయ్యి."

కోశాడు. పువ్వులున్న నడిమి భాగం తీసి, చుట్టి చేతికిచ్చాడు.

ఇంట్లో పరిచాక ఆవిడ దాని చుట్టూ ఒకసారి నడిచింది. నడవడానికి చోటు బోలెడుంది. "లతలేవండీ?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

"ఆ సున్నాగాడు తగలేశాడు!" అంటూ మాస్టారు తివాచీ భుజానేసుకుని దుకాణానికి పరిగెత్తారు. నలుగురి ముందు అతన్ని దులిపేశారు. అంతటితో ఆగినా పోయేది. రుజువు చేస్తానంటూ అట్టముక్క మీద లెక్క మొదటి నుంచీ వేశారు. చివర్లో సుద్దముక్క ఆగిపోయింది. సూత్రంలో కింద ఉండాల్సింది 2a, అంటే నాలుగు. తను వేసింది ఉత్త రెండు. నాలుగుతో భాగిస్తే ఖాళీ అర మీటరు, అంటే మూరెడు.

"నేనూ ఆ రోజు అక్కడే మర్చిపోయానండి," అన్నాడు శిష్యుడు మెల్లగా. "కవరు చూడగానే గుర్తుపట్టాను."

"మరి చెప్పి ఏడవొచ్చుగా!"

"నోరు తెరిచానండి."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. మిగతా లెక్కంతా సరిగ్గా చేసిన పిల్లాడికి సున్నా వేసింది ఈ చెయ్యే కదా అని సుద్దముక్క కింద పెట్టేశారు. "తప్పు చేశాన్రా," అన్నారు. ఏ తప్పో ఆయన చెప్పలేదు, అతనూ అడగలేదు.

అతను బల్ల కింద నుంచి లతలున్న మిగతా ముక్క బయటికి లాగాడు. "మీరు మళ్లీ వస్తారని దాచానండి." ఎర్రటి అంచు కోసేసి, లతల్ని నడిమి ముక్క చుట్టూ కుట్టి, నాలుగు మీటర్లకి మూడు చేసి సాయంత్రానికి ఇచ్చాడు.

సంగతంతా విని ఆవిడ అడిగింది. "అప్పుడా అబ్బాయికి ఎన్నేశారు?"

"సున్నా."

"మరి ఇవాళ మీకు?"

తివాచీ గదికి చక్కగా అమరింది. గోడకు సరిగ్గా మీటరు దూరంలో ఓ కుట్టు కనిపిస్తుంది, మాస్టారు దాన్ని తొక్కకుండా దాటి నడుస్తారు.