గాలి పీల్చు ఉపసంఘం

మనిషి పుట్టగానే ఎవరినీ అడగకుండా గాలి పీల్చేస్తాడు. ఏ సంఘమూ లేని రోజుల్లో మొదలైన ఈ పొరపాటు కార్ల విషయంలో మళ్ళీ జరగరాదని టర్బో యజమానుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సభ్యుల కార్లు ఏ గొట్టం గుండా, ఏ ఫిల్టరు దాటి, ఎంత చల్లటి గాలి పీల్చాలో ఇకపై గాలి పీల్చు ఉపసంఘం నిర్ణయిస్తుంది. (అంతవరకు కార్లు ఊపిరి బిగబట్టుకుని సహకరించాలి.)

ఈ సంఘానికి ఆఫీసు లేదు. అది సభ్యుల ఫోన్లలో ఉంటుంది. అయినా ఆఫీసుకు ఉండవలసినవన్నీ దీనికీ ఉన్నాయి: అధ్యక్షుడు, శబ్ద విభాగం కార్యదర్శి, దీపాల ఉపసంఘం, మధ్యాహ్నం ఎవరూ జవాబివ్వని సమయం. అధ్యక్షుడిని అందరూ బూస్ట్ బాబాయి అంటారు. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కే చిన్న పంకా అనీ, ఆ పంకాకు గాలి అందించే గొట్టాన్ని కంపెనీవాళ్ళ తెలివికి వదిలెయ్యడం యజమాని వ్యక్తిత్వానికే మచ్చ అనీ కనిపెట్టింది ఆయనే.

ఇటువంటి సంఘంలో అద్దాలబ్బాయి చేరాడు. జుట్టు నెరుస్తున్నా వీధిలో అందరికీ అతను అద్దాలబ్బాయే. కళ్ళజోళ్ళ దుకాణం అతనిది. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన చట్రం పెట్టి, అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడగడం అతని వృత్తి. ఎవరైనా తేల్చుకోలేక కుర్చీలో మెలికలు తిరిగితే, "తేడా తెలియట్లేదంటే రెండూ ఒకటేనన్నమాట" అని మొదటిదే రాసి పంపేస్తాడు. ఇంత చక్కటి సూత్రం చేతిలో ఉన్న మనిషి దాన్ని దుకాణంలోనే పెట్టి తాళం వేసుకుని ఇంటికి వస్తాడని ఎవరనుకుంటారు?

అతను సంఘంలో చేరింది నాన్న కోసం. పెద్దాయన బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. కొన్నాళ్ళుగా ఆయన చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటోంది. "వచ్చే పరీక్ష దాకా పగటిపూట బండి నడపొచ్చు. ఆ తర్వాత నేను ఒప్పుకోలేను" అన్నాడు కంటి డాక్టరు. ఆ రిపోర్టులో నల్లటి భాగం ఎంత వేగంగా పెరుగుతోందో అద్దాలబ్బాయికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

పెద్దాయన మాత్రం ఆ సాయంత్రం ఒకే ఒక్క కోరిక కోరాడు.

"ఒరేయ్, ఉద్యోగమంతా కొండ రోడ్డు మీదే చేశాను. బస్సు ఏనాడూ నా మాట విని పైకి ఎక్కలేదు. బతిమాలితే ఎక్కేది. నీ కారు తొక్కగానే పోతుందటగా. కళ్ళుండగా ఒక్కసారి పైదాకా నేను నడుపుతానురా."

"ఈ ఆదివారమే పోదాం నాన్నా."

కారుకు ఏ జబ్బూ లేదు. కొండ కూడా ఉన్నచోటే ఉంది. ఆదివారం ఎలాగూ వస్తుంది. కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ నాన్న నడిపే కారు కదా, ఏ లోటూ ఉండకూడదని, అద్దాలబ్బాయి సంఘంలో చేరి ఓ చిన్న ప్రశ్న వేశాడు: "కొండ ఎక్కాలి. కారులో ఏమైనా మార్చుకోవాలా?"

గాలి వడగట్టడానికి కంపెనీ ఇచ్చిన పెట్టెతో కొండెక్కడం టర్బోను అవమానించడమేనని గంట తిరక్కుండా తేలిపోయింది. ఏది పెట్టాలన్నది మాత్రం తేలలేదు. ఈ విషయంలో సంఘంలో మూడు పక్షాలున్నాయి. పెట్టెను ఉంచి, లోపలి ఫిల్టరును మాత్రం మార్చాలనేది ఒక పక్షం. (వీళ్ళను మిగతా రెండు పక్షాలూ పిరికివాళ్ళ కింద జమకడతాయి.) పెట్టెను పీకేసి, బానెట్ కింద శంఖంలాంటి ఫిల్టరును బోడిగా నిలబెట్టాలని రెండో పక్షం. దానివల్ల టర్బో ఈల వేస్తుంది. ఈల వేస్తోంది కాబట్టి కారు వేగంగా పోతోందని వాళ్ళ వాదం. ఆ ఫిల్టరు ఇంజను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీలుస్తుందనీ, గొట్టాన్ని బంపరు కిందికి దింపి చల్లగాలి పట్టాలనీ మూడో పక్షం. వానాకాలం వస్తే ఆ గొట్టం గాలితో పాటు రోడ్డు మీది నీళ్ళు కూడా తాగుతుందని రెండో పక్షం ఎద్దేవా చేస్తుంది. వానాకాలంలో మూడో పక్షం చర్చకు రాదు.

ఎంపిక మొదలు కావాలంటే ఒక నియమం పాటించాలి. కంపెనీ పెట్టెను విప్పి అధ్యక్షుడికి పంపెయ్యాలి. కొలతలు చూసుకోవడానికని పైకి చెబుతారు. పాత పెట్టె ఇంట్లో ఉంటే సభ్యుడు మనసు మార్చుకుని కారు నడుపుకుంటాడేమోనన్నది లోపలి భయం.

మెకానిక్ స్పానర్ పట్టుకుని బానెట్ ఎత్తి చూశాడు.

"బండి బాగానే ఉందిగా సార్, దేనికి విప్పడం?"

"సంఘం అడిగింది."

"కొండెక్కేది సంఘమా సార్, మీరా?"

మెకానిక్ పెట్టె విప్పి చేతికిచ్చి, గొట్టం మూతికి గుడ్డ కట్టాడు. "కొత్తది పెట్టేదాకా స్టార్ట్ చెయ్యకండి. దుమ్ము పోతే టర్బో రెక్కలు అరిగిపోతాయి" అన్నాడు.

ఆదివారం వచ్చింది, పోయింది. దాని వెనకే మరికొన్ని ఆదివారాలు కూడా అదే పని చేశాయి. శబ్ద విభాగం కార్యదర్శి ఈలల నమూనాలు పంపి, విని మార్కులు వెయ్యమన్నాడు. అద్దాలబ్బాయి దుకాణంలో చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఈలలు వింటూ, ఎదుట కూర్చున్నామెకు ఎడమ కంటి అద్దాన్ని కుడి కంటికి పెట్టాడు. మార్కులు లెక్కేస్తే మూడు పక్షాలకూ సమానంగా వచ్చాయి. దీన్ని సంఘం తన నిష్పక్షపాతానికి నిదర్శనంగా ప్రకటించుకుంది.

ఒకరోజు భార్య గది గుమ్మంలో నిలబడింది.

"మామయ్యగారు మళ్ళీ కింద కార్లో కూర్చున్నారండీ."

"కూర్చోనీ."

"గేర్లు మారుస్తున్నారు. నోటితో శబ్దం కూడా చేస్తున్నారు. వంపు దగ్గర హారన్ కూడా కొట్టారు. పక్కింటివాళ్ళు చూస్తున్నారు."

అద్దాలబ్బాయి కిందికి దిగాడు. పెద్దాయన ఉద్యోగం నాటి బూట్లు వేసుకుని, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి, ఎదురుగా ఉన్న గోడ వైపు జాగ్రత్తగా చూస్తున్నాడు.

"ఏరా, ఇంకా గాలి దొరకలేదా?"

"చర్చ నడుస్తోంది నాన్నా."

"కారు కంటే అదే నయం, నడుస్తోంది" అన్నాడు పెద్దాయన. కోపంగా కాదు. అద్దాలబ్బాయికి తల కొట్టేసినట్టయింది.

ఆ పూటే ఉపసంఘానికి విన్నవించుకున్నాడు. మా నాన్న చూపు తగ్గిపోతోంది, కంటి పరీక్ష దగ్గరపడింది, ఏదో ఒకటి చెప్పండి, పెట్టించేస్తాను అని రాశాడు. మర్నాడు జవాబొచ్చింది. "చూపునకు సంబంధించిన అంశాలు దీపాల ఉపసంఘం పరిధిలోకి వస్తాయి. మీ విన్నపాన్ని అక్కడికి బదిలీ చేశాము." దీపాల ఉపసంఘం పసుపు దీపాలు మంచివా, తెల్ల దీపాలా అని అడిగింది.

ఇక లాభం లేదని, పెట్టెను వెనక్కి తెచ్చుకుందామని బూస్ట్ బాబాయి ఇంటికి వెళ్ళాడు. ఇంటి ముందు బాబాయి కారు ఇటుకల మీద నిలబడి ఉంది. బానెట్ తెరిచే ఉంది. లోపల గాలిగొట్టం ఉండవలసిన చోట ఖాళీ.

"మీది కూడానా బాబాయ్?"

"తొందరపడి నిర్ణయం తీసుకునే మనిషిని కాదు తమ్ముడూ. సరైనది దొరికేదాకా బస్సులో వెళ్తున్నాను" అన్నాడు బాబాయి గర్వంగా.

గోడ పొడవునా సభ్యుల పెట్టెలు బారుగా ఉన్నాయి. అన్నింట్లోనూ మట్టి, మట్టిలో పూలమొక్కలు. బాబాయి భార్య మగ్గుతో నీళ్ళు పోస్తోంది. అద్దాలబ్బాయి తన పెట్టెను గుర్తుపట్టి వంగాడు.

"అది కదపకు తమ్ముడూ, ఇప్పుడే మొగ్గేసింది" అని అడ్డుపడ్డాడు బాబాయి.

పూలమొక్క ముందు నిలబడి గట్టిగా మాట్లాడడం అతని వల్ల కాలేదు. మెతక మనిషి. ఉత్త చేతులతో వెళ్తూ, దారిలోనే అంగడిలో చేతికందిన శంఖం ఫిల్టరు ఒకటి కొనుక్కుని పోయాడు. ఎంచడానికి ఎంతోసేపు పట్టలేదు. మెకానిక్ ఇంకా తొందరగా బిగించేశాడు. ఆ మధ్యాహ్నమే కంటి పరీక్షకు పెద్దాయన వంతు వచ్చింది. ముందే చెప్పినట్టు, డాక్టరు ఇక బండి నడపడానికి ఒప్పుకోలేదు.

ఆదివారం ఇద్దరూ కొండెక్కారు. అద్దాలబ్బాయి నడిపాడు. పక్క సీట్లో పెద్దాయన బూట్లు వేసుకునే కూర్చున్నాడు. ప్రతి వంపుకూ ముందే, "ఇప్పుడు తిప్పు. మెల్లగా. ఆ... ఇప్పుడు తొక్కు" అంటున్నాడు. తొక్కినప్పుడల్లా టర్బో ఈల వేసింది. కారు ఇంతకుముందు కంటే వేగంగా ఏమీ పోలేదు.

పైకి చేరాక పెద్దాయన చాలాసేపు దిగలేదు.

"బాగా పీలుస్తోందిరా నీ కారు" అన్నాడు చివరికి.

అద్దాలబ్బాయికి ఏడుపొచ్చింది. దాచుకోవలసిన పని కూడా లేకపోయింది. అతను కూర్చున్న వైపు నాన్నకు ఇప్పుడు పెద్దగా కనిపించదు.

ఫోను మోగింది. సంఘంలో ఎవరో కొత్త సభ్యుడు చేరాడు. మా అమ్మను సముద్రం చూపించడానికి తీసుకెళ్ళాలి, ఆవిడ ఆరోగ్యం ఏమంత బాగా లేదు, ముందు గాలిగొట్టం మార్చుకోమంటారా, ముందు వెళ్ళిరమ్మంటారా అని అడిగాడు. అద్దాలబ్బాయి అక్కడే కూర్చుని, "ఇవాళే బయల్దేరండి" అని రాశాడు.

ఆ సలహాలో గాలిగొట్టం ప్రస్తావన ఎక్కడా లేనందున ఉపసంఘం దానిని వెంటనే తొలగించింది. కొత్త సభ్యుడు అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుని, చర్చ ముగిసేదాకా ఆగుతానన్నాడు.