ముందు పలక మీద గీత

ఆదివారం పొద్దున కళ్లజోళ్లాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, హాల్లో పెట్టిన పెద్ద అక్వేరియంలో నీళ్లు నింపడం, పాత తొట్టిలోని చేపను అందులోకి మార్చడం, భోంచేసి పడుకోవడం. వీటిలో కాఫీ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఆయనకు బజారులో కళ్లజోళ్ల షాపు ఉంది. పెళ్లికి ముందునుంచీ అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, జనం ముక్కుల మీద కూర్చోబెడుతున్న మనిషి. అందుచేత గాజు ఏ రూపంలో కనిపించినా దానిమీద తీర్పు చెప్పే హక్కు తనదేనని ఆయన నమ్మకం. ఇంట్లో ఆ నమ్మకాన్ని ప్రశ్నించగలిగేది భార్య ఒక్కతే. ఆవిడ ప్రశ్నలు ఆయనకు వినిపించేవి కావు.

చేప ఆవిడది. చిటికెన వేలంత ఉన్నప్పుడు తెచ్చుకుంది. ఇప్పుడు జానెడు దాటి, నుదుటిమీద ఇంత బొడిపె వేసుకుని, ఎర్రటి కళ్లతో అందర్నీ తప్పుపడుతున్నట్టు చూస్తుంది. వేళకు మేత పడకపోతే మొహం గోడవైపు తిప్పుకుని అలుగుతుంది కాబట్టి దానికి ఆవిడ 'అల్లుడుగారు' అని పేరు పెట్టింది. ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడితే దగ్గరికొచ్చి నిలబడి వినే ప్రాణి అదొక్కటే. పాత తొట్టిలో దానికి వెనక్కి తిరగడానికి చోటు చాలడంలేదు. తిరిగినప్పుడల్లా ఒళ్లు గాజుకు రాసుకుని పొలుసులు ఊడుతున్నాయి. "దీనికి తిరగడానికింత చోటు కావాలండీ, లేకపోతే దక్కదు" అని ఆవిడ అడిగింది. కాపురానికి వచ్చాక ఆవిడ నోరు తెరిచి అడిగిన కోరికల్లో ఇది మొదటిదో రెండోదో అయివుంటుంది. వీధి చివర లాడ్జి మూసేస్తూ ముందుగదిలోని అక్వేరియం ఎవరికైనా ఇచ్చేస్తామంటే ఆయన తెప్పించాడు. పాపం, కాదనలేదు.

తొట్టిని తుడుస్తూ ఆవిడే ముందు చూసింది. వెనకవైపు కింది మూలలో, రెండు పలకలు కలిసేచోట, బొటనవేలి గోరంత పెచ్చు ఊడిపోయి ఉంది.

"ఏవండీ, ఇక్కడ పెచ్చు ఊడింది. ఇలాగే నీళ్లు పోయొచ్చంటారా?"

కళ్లజోళ్లాయన అప్పటికే కంటికి భూతద్దం తగిలించుకుని ముందు పలక మీద వంగి ఉన్నాడు. ఆయనకు అక్కడ వెంట్రుకంత గీత కనబడింది. వేలితో తడిమితే తగలదు. గోరు పెట్టి గీస్తే గోరు ఆగదు. వెలుగుకు అడ్డంగా పెట్టి ఒక కన్ను మూస్తే తప్ప ఉన్నట్టే తెలియదు.

"కొంప మునిగింది! నట్టనడుమ గీత!"

"గీతకేముందండీ. మన కప్పులకి ఎన్ని గీతల్లేవు, ఏళ్లతరబడి వాడుకోవట్లేదూ? అంచు పెచ్చూడిన కప్పే వేడి పొయ్యగానే రెండుగా విడిపోతుంది."

"కప్పుకీ దీనికీ పోలికా? గాజు గురించి నాకు చెప్పకు."

నిజానికి ఆయన తప్పేం లేదు. కళ్లజోడు అద్దంలో మధ్యన గీత పడితే ఆ అద్దం పనికిరాదు, కొన్నవాడు వెనక్కి తెచ్చి మొహాన కొడతాడు. అంచు పెచ్చు ఊడితే అది ఫ్రేములోకి పోతుంది, ఎవడూ చూడడు. ఇన్నేళ్లు ఆయన అన్నం తిన్నది ఈ సూత్రం మీదే. ఆ సూత్రానికి ఇప్పుడు నీళ్లు పోయబోతున్నాడంతే.

షాపునుంచి అద్దాలకు నునుపు పెట్టే పొడి, చేతి మిషను తెచ్చి గీతను రుద్దాడు. గీత పోలేదుగాని దాని చుట్టూ అరచెయ్యంత మేర పొగ పట్టినట్టు తెల్లబడింది. దాన్ని సరిచేయబోతే పళ్లెమంత అయింది. ఇంక లాభంలేదని బావమరిదికి ఫోన్ చేశాడు.

బావమరిది టైల్స్ కాంట్రాక్టరు. నేల మీద వేసిన టైలును వేలి కణుపుతో కొట్టి, కింద సిమెంటు నిండిందో లేదో చప్పుడును బట్టి చెప్పడం అతని విద్య. పుచ్చకాయనీ, తన కూతురికి చూసిన సంబంధం వాళ్ల ఇంటి గోడల్నీ కూడా అలాగే పరీక్షించాడు. వస్తూనే తొట్టి నాలుగు పక్కలా టకటకా కొట్టి, చెవి ఆనించి, మొహం వేలాడేశాడు.

"బావా, డొల్లగా ఉంది."

"ఖాళీ తొట్టి డొల్లగాక ఎలా మోగుతుందిరా?" అంది అక్క. "ఆ మూల చూడు ముందు. పెచ్చు ఊడింది."

"మూలలు ఎప్పుడూ గట్టిగానే పలుకుతాయక్కా. దెబ్బంతా నడుమ."

ఇద్దరు నిపుణులూ ఏకాభిప్రాయానికి వచ్చారు. అందువల్ల ఇల్లాలి మాటకు విలువ ఇంకా పడిపోయింది. తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఇక ఆ కుందేలును ఎటు తిప్పి పెట్టాలన్నదే సమస్య.

తిప్పి పెట్టారు. పొగ పట్టిన పలక గోడవైపు పోయేలా ఇద్దరూ తొట్టిని ఎత్తి, ఆయాసపడి, తిట్టుకుని, బావమరిది కాలు నలిగి, మొత్తానికి స్టాండు మీద అటుదిటు చేశారు. దాంతో వెనక మూల ముందుకొచ్చింది. పెచ్చు ఊడినచోటు ఇప్పుడు గుమ్మంలోంచి చూసినా తెలుస్తోంది. ఆవిడ వంగి దానిమీద వేలు పెట్టింది.

"ఇదిగో, ఇదే నేను పొద్దుట్నుంచి చెప్పేది. ఇక్కణ్ణించి చిన్న బీట కూడా పైకి పాకినట్టుంది."

ఆయన ఈసారి చూశాడు. భార్య చూపించినదాన్ని చూడడం ఆయనకు అలవాటు లేదు కాబట్టి కళ్లు చికిలించి చూశాడు.

"అసహ్యంగానే ఉంది," అన్నాడు. "అంచేగా, ఫ్రేములోకి పోతుంది."

"దీనికి ఫ్రేమెక్కడిదండీ?"

ఆయన నల్ల టేపు చుట్ట తెచ్చి, తొట్టి అడుగంచు చుట్టూ నీటుగా అంటించాడు. పెచ్చూ బీటా రెండూ దానికింద మాయమయ్యాయి. బావమరిది వెనక్కి జరిగి చూసి, "కొత్త పెళ్లికూతుర్లా ఉంది బావా" అన్నాడు.

నీళ్లు సగానికి వచ్చేసరికి కింద వాటాలోంచి ఇంటి ఓనరు పైకి వచ్చాడు. ఆయన బస్సు డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. ఎంతటి బరువునైనా ప్యాసింజర్లలో కొలిస్తేగాని ఆయనకు అర్థం కాదు.

"ఎంత పడతాయి ఇందులో?"

"ఏడెనిమిది మంది మనుషులంత బరువుంటుందండీ," అన్నాడు బావమరిది గర్వంగా.

"నిలబడ్డవాళ్లా, కూర్చున్నవాళ్లా?"

"నీళ్లండీ!"

"అదే నా భయం. మనుషులైతే స్టాపొచ్చినప్పుడు దిగుతారు. ఇవి దిగవుగా! సరిగ్గా నా మంచం మీదికి వస్తుంది ఈ చోటు. తీయించెయ్యండి."

కళ్లజోళ్లాయనకు పరువు గుర్తొచ్చింది. తీర్పు చెప్పేవాడు తనైతే, పై కోర్టులా ఈయనెవరు? అయినా ఇంటి ఓనరు. ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపాలి. చుట్టూ చూస్తే పాత తొట్టి కనబడింది.

"మీ మనవరాలు చేపలు చేపలని ఏడుస్తోందన్నారుగా. ఇది తీసుకెళ్లండి. మాకింక పనిలేదు."

"ఏవండీ, రెండ్రోజులు ఆగుదాం. ఇందులో నీళ్లు నిలుస్తాయో లేదో చూసుకుని ఇద్దాం," అంది ఆవిడ.

"అంటే నా మీద నమ్మకం లేదా నీకు?"

బయటివాళ్ల ముందు ఈ ప్రశ్నకు ఏ ఇల్లాలూ నిజం చెప్పదు. అల్లుడుగారిని బక్కెట్లోకి దింపారు. పాత తొట్టి ఓనరుగారి చంకలో కిందికి దిగిపోయింది. ఓనరుగారికి పైకప్పు మీద బెంగ కూడా అంతటితో దిగిపోయింది.

మధ్యాహ్నానికి తొట్టి నిండింది. ఎక్కడా చుక్క కారలేదు. భోజనాలయ్యాక కళ్లజోళ్లాయన స్వయంగా చేతులు కడుక్కుని, జల్లెడ వలతో చేపను పట్టి పెద్ద తొట్టిలో వదిలాడు.

అల్లుడుగారు కాసేపు ఉన్నచోటే అనుమానంగా నిలబడ్డాడు. తర్వాత మెల్లగా ముందుకు వెళ్లి, చివరిదాకా పోయి, వెనక్కి తిరిగాడు. ఒళ్లు ఎక్కడా తగలకుండా, తోక వంచకుండా, హాయిగా నిండుగా తిరిగాడు. అలా తిరగొచ్చని తనకే తెలియనట్టు ఇంకోసారి తిరిగాడు. ఆవిడకు కళ్లలో నీళ్లు వచ్చాయి. పొద్దుట్నుంచి పడ్డ బాధంతా మర్చిపోయింది. పోనీలే, ఆయన చెప్పిందే నిజమేమో, నాకే అన్నిటికీ భయమేమో అని కూడా అనుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ఇలా అనుకోవడం మాత్రం మొదటిసారి కాదు.

"చూశావా?" అన్నాడాయన.

"చూశానండీ," అంది మనసారా.

ఓనరుగారు మనవరాలి తరఫున మేత ఏం వెయ్యాలో కనుక్కుందామని మళ్లీ పైకి వచ్చాడు. ముగ్గురు మగవాళ్లూ తొట్టి చుట్టూ నిలబడి, గోడవైపున్న పొగమచ్చను వంగి వంగి చూస్తూ అది ఎంత బరువు ఆపుతోందో మాట్లాడుకున్నారు. బావమరిదికి చెయ్యి ఊరుకోలేదు.

"ఇప్పుడు వినండి, ఎలా నిండుగా పలుకుతుందో," అని వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు.

టక్, టక్, టిక్.

మూడోది అతను కొట్టలేదు. ముగ్గురూ ఒక్కసారిగా వెనక పలక మీది గీతవైపు చూశారు. ఆవిడ మాత్రం టేపు అంటించిన మూలవైపు చూసింది. అక్కణ్ణించి సన్నటి గీటు మొదలై, ఎవరో పిలిచినట్టు గబగబా పైకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏడెనిమిది మంది ప్యాసింజర్లూ ఒకే స్టాపులో దిగారు. సోఫా కిందనుంచి, గుమ్మం మీదనుంచి, మెట్లమీదుగా ఓనరుగారి ఇంట్లోకి, సరిగ్గా ఆయన మంచం దాకా వెళ్లారు. మగవాళ్లు కుర్చీలెక్కారు. ఆవిడ గాజుపెంకుల మధ్య మోకాళ్ల మీద కూలబడి, ఎగిరెగిరి పడుతున్న చేపను కొంగులోకి తీసుకుని బాత్‌రూములోని బక్కెట్టు దగ్గరికి పరిగెత్తింది. మోకాలు తెగింది. అది ఆవిడకు సాయంత్రం దాకా తెలియలేదు.

తిరిగొచ్చేసరికి విచారణ నడుస్తోంది.

"గీత ఉందని పొద్దున్నే చెప్పానా లేదా?" అంటున్నాడు కళ్లజోళ్లాయన.

"నాకు సౌండు అప్పుడే తేడా కొట్టింది బావా."

"ఓవర్‌లోడు," అన్నాడు ఓనరు. "నేనన్నాను, మీరు వినలేదు."

ఆవిడ నెత్తురోడే మోకాలితో గుమ్మంలో నిలబడి, "ఆ మూల నుంచండీ," అంది.

ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "ఇప్పుడు చెప్పి ఏం లాభం? చెప్పేదేదో ముందే చెప్పాలి."

నీళ్లు తోడేశాక తేలిందేమిటంటే, నాలుగు పలకల్లో మూడు ముక్కలయ్యాయి. నిక్షేపంలా మిగిలింది ఒక్కటే. దాని నట్టనడుమ పళ్లెమంత పొగమచ్చ, మచ్చలో వెంట్రుకంత గీత.

పాత తొట్టి వెనక్కి అడగడానికి మొహం చెల్లలేదు. అడిగినా ఓనరు ఇచ్చేలా లేడు. పైవాటాలో ఇకమీద బిందెడు నీళ్లకు మించి నిలవ ఉంచకూడదని ఆయన కొత్త షరతు పెట్టాడు. "ఈ ఇంట్లో మళ్లీ గాజు మాట ఎత్తొద్దు," అని కళ్లజోళ్లాయన కూడా తేల్చేశాడు. అల్లుడుగారు బక్కెట్లో ముక్కు పైకి పెట్టి రొప్పుతున్నాడు.

మర్నాడు ఆవిడే బక్కెట్టు మోసుకుని వీధి మలుపులోని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. అక్కడ వెయిటింగ్ హాల్లో గోడ పొడుగునా ఒక తొట్టి ఉంది. దాని నిండా పిల్లల ఉంగరాల గీతలే. ఆవిడ ముందు వంగి నాలుగు మూలలా వేలు పెట్టి తడిమింది. అంచులు ఎక్కడా పోలేదు. అప్పుడు, "దీన్ని ఉంచుకుంటారా డాక్టరుగారూ?" అని అడిగింది. బక్కెట్టును ఆయన ముందుకు జరిపింది.

మిగిలిన పలకను కళ్లజోళ్లాయన షాపులో బల్లమీద పరిపించుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ ఆ గీత చూపించి, కంటికి కనబడనంత గీత ఎంత పెద్ద తొట్టిని కూల్చిందో చెబుతాడు. చెప్పినప్పుడల్లా దానిమీద గట్టిగా గుద్దుతాడు. అది ఇంతవరకు పగల్లేదు.

వారం వారం ఆవిడ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, టోకెను తీసుకోకుండా బెంచీ మీద కూర్చుని వస్తుంది. అల్లుడుగారు దూరంనుంచి చూసి, నిండుగా ఒక చుట్టు తిరిగి, గాజు దగ్గరికి వచ్చి నిలబడతాడు. ఒకరోజు చెప్పులేసుకుంటుంటే ఆయన పేపరు దించకుండానే అడిగాడు.

"ఆ పన్ను నొప్పి ఇంకా తగ్గలేదా?"

"లేదండీ. అంచు దగ్గర పెచ్చు ఊడింది. పైకి కనబడదు లెండి."

పైకి కనబడనిది కాబట్టి ఆయన పేజీ తిప్పాడు.