నూకయ్య గోడ మీద ఇంటూ గుర్తులు

ఆ ఉదయం నూకయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. వియ్యపురాలు మీనాకుమారి మధ్యాహ్నం భోజనానికి వచ్చేలోగా వెనకగది గోడకున్న బీటలు పూడ్పించాలి. అంతే. కానీ వారం రోజులుగా ముసురు పట్టి ఉండడంతో, లేవగానే ఆ గోడ వైపు చూడాలంటేనే ఆయనకు దిగులు పుట్టింది. చూడక తప్పలేదు. కిటికీ మూల మొదలైన బీట నేల దాకా దిగింది. పునాదిలోకి కూడా పోయిందేమోనని ఆయన అనుమానం.

కూతురు స్వాతికి తొమ్మిదో నెల. తొలి కాన్పు. ఆసుపత్రి నుంచి తల్లీబిడ్డలు వచ్చేది ఆ గదిలోకేనని భార్య సింహాచలమ్మ మంచానికి కొత్త నవారు అల్లించింది. పాత చీరలు ఉతికి మడతలు పెట్టింది. పనున్నా లేకపోయినా రోజుకోసారి వెళ్ళి ఆ మంచం మీద చెయ్యి వేసి వస్తుంది. ఇంతలో స్వాతి అత్తవారిల్లున్న సుభాష్‌పల్లి నుంచి మీనాకుమారి ఫోను చేసింది: "గది ఒకసారి సూసుకుంతాను అన్నియ్యగారూ. పంపడం సంగతి అప్పుడు మాటాడుకుందాం."

ఆ 'అప్పుడు' అన్న మాట నూకయ్యను తిండి తిననివ్వలేదు. గది నచ్చకపోతే పిల్లను పంపరు. పంపకపోతే సింహాచలమ్మ మంచం పడుతుంది. పైకి ఒక్క మాట అనదు, అదే ఆయనకు ఇంకా భయం.

పునాది చూడమని పిలిచిన మొదటి కాంట్రాక్టరు ఇల్లంతా తవ్వాలన్నాడు. రెండోవాడు టీ తాగి వెళ్ళి మళ్ళీ కనబడలేదు. మూడోవాడు క్రిస్టోఫర్, పాత స్నేహితుడి కొడుకు. వాడే దయ తలచాడు.

"మావయ్యా, పొద్దున్నే మనుషులతోటి వొచ్చేస్తాను. పనెక్కడుందో అక్కడ గుర్తులెట్టి ఉంచు. నువ్వు లేకపోయినా కానిచ్చేస్తాను," అన్నాడు ఫోనులో.

గుర్తులు పెట్టడం నూకయ్యకు ఒకరు చెప్పాలా? రైల్వే వర్క్‌షాపులో ఆయన చేసిన ఉద్యోగమే అది. రిపేరుకొచ్చిన వ్యాగన్లో పగులు మొదలైన చోట ఒక ఇంటూ, ఆగిన చోట ఒక ఇంటూ. మధ్యలో అతుకు వెయ్యమని వెల్డరుకు చెప్పడం. కుంచె, ఎర్ర రంగు తీసుకుని గోడకు బయటవైపు అలాగే పెట్టాడు. బీటలకు కొదవ లేదు గనక ఇంటూలకూ కొదవ లేకపోయింది. రిటైరయ్యాక మొదటిసారి డ్యూటీ చేసినంత తృప్తితో, చేపలూ మిఠాయీ తేవడానికి గోల్‌బజార్ వెళ్ళాడు.

క్రిస్టోఫర్‌కు వ్యాగన్ల సంగతి తెలియదు. కొన్నేళ్ళుగా వాడు, ఉండడానికి పనికిరావని రైల్వేవాళ్ళు కండెమ్ చేసిన క్వార్టర్లు పడగొడుతున్నాడు. అక్కడ గోడ మీద ఎర్ర ఇంటూకి ఒకటే అర్థం. వచ్చి ఆ గోడ చూసి, లోపలున్న సింహాచలమ్మను పిలిచాడు.

"అత్తా, ఈ గుర్తులు మావయ్యే ఎట్టినాడా?"

"ఆయన కాకపోతే ఇంకెవులు? తెల్లారే లేసి ఎట్టినాడు. ఆయన గుర్తెట్టినాడంటే మరి తిరుగులేదు, వర్క్‌షాపంతా ఎరుగు."

"పాపం, ఎంత ఇష్టంగా కట్టుకున్నాడో."

"ఏటి సేస్తాం బాబూ. పిల్లొచ్చేలోగా అయిపోవాల," అంది సింహాచలమ్మ.

క్రిస్టోఫర్ మంచం మీద టార్పాలిన్ కప్పించి, పైకప్పు రేకులు దింపించి, గోడకు సమ్మెట వేయించాడు. వంటింట్లో గిన్నెలు అదిరిపోతుంటే ఆమె భర్తకు ఫోను చేసింది.

"స్వాతి నాన్నా, ఈలు బలే గట్టిగా కొడతన్నారు. నాకు భయంగా ఉన్నాది."

"గుర్తెట్టిన కాడే కొడతన్నారా?"

"గుర్తెట్టిన కాడేనట."

"అయితే కొట్టనీ. పాత సిమెంటు రాలకుండా కొత్తది ఎలగ అంటుకుంతాది? నువ్వెళ్ళి అడ్డం పడకు."

ఆమె అడ్డం పడలేదు. దుమ్ము రాకుండా వెనకగది తలుపు గడియ వేసి అన్నం వండుకుంది. పక్కింటి ఎలీసమ్మ పరుగున వచ్చి, "ఓలమ్మ, ఇల్లు పడగొట్టుకుంటా ఒక్క మాటైనా సెప్పలేదేటి?" అని అడిగితే, "పడగొట్టడం కాదప్పా, బాగుసేయిస్తన్నాం," అంది స్థిమితంగా. కళ్ళారా చూసి వచ్చిన ఎలీసమ్మకు ఈమె మతి చలించిందని ఖాయమైంది. ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళడానికి ఎంతోసేపు పట్టలేదు.

అందుకే నూకయ్య తిరిగొస్తుంటే తాల్‌బగీచా మలుపు దగ్గర ఒకరు భుజం తట్టి, "ధైర్యంగా ఉండు" అన్నారు. ఇంకొకరు కళ్ళు తుడుచుకున్నారు. "ఏటయింది?" అంటే, "ఇంటికెళ్ళు, నీకే తెలుస్తాది," అన్నారు. ఆయనకు స్వాతి తప్ప ఇంకేమీ తోచలేదు. చేపల సంచి కాళ్ళకు కొట్టుకుంటుంటే పరుగెత్తాడు. గేటు దగ్గర మీనాకుమారి అప్పుడే టోటో రిక్షా దిగుతోంది.

"సెల్లెమ్మగారూ, స్వాతి..."

"స్వాతికేటి, బాగానే ఉన్నాది."

ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఆమెను కూర్చోమని కూడా అనకుండా నేరుగా వెనక్కు తీసుకెళ్ళి గడియ తీశాడు.

మంచం ఉంది. గోడ లేదు. కప్పూ లేదు. అవతల ఎలీసమ్మ ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తున్నారు. టార్పాలిన్ మీద చినుకులు పడుతున్నాయి.

"రేకు ఒక్కటీ పగల్లేదు మావయ్యా," అన్నాడు క్రిస్టోఫర్ చేతులు దులుపుకుంటూ. "పునాది కూడా తవ్వి సూసినాను. ఉక్కులాగుంది. బీటలన్నీ పైపూతకే. ఇంత మంచి గోడ ఎందుకు తీయించేసినావో నాకు తెల్లేదు."

నూకయ్య టార్పాలిన్ కప్పిన మంచం మీదే కూలబడ్డాడు. గుమ్మంలో సింహాచలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆమె ముఖం చూడలేక ఆయన వియ్యపురాలి వైపు తిరిగాడు.

"పిల్లని మీకాడే ఉంచేసుకోండి సెల్లెమ్మగారూ. దాన్ని తెచ్చుకునే రాత మాకు లేదు."

మీనాకుమారి టార్పాలిన్ మీది తడి కొంగుతో తుడిచింది. తర్వాత మంచం రెండో చివర కూర్చుంది.

"ఎక్కడుంచమంతారు అన్నియ్యగారూ? మొన్నటి వానకి మా సెరువు పక్క గోడ మొత్తం కూలిపోనాది. వంటిల్లు కూడా దిగిపోతన్నాది. స్వాతితో పాటు నన్నూ, మా అబ్బాయి మోహనకృష్ణనీ కూడా ఈ గదిలో ఉండనిస్తారేమో అడుగుదామని వొచ్చినాను. నోరు తెరిసి అడగనేక, గది సూస్తానన్నాను."

"పిల్లెప్పుడొస్తాది?" అంది సింహాచలమ్మ. ఆమెకు మిగతావేవీ వినబడలేదు.

"ఎనక టోటోలో వొస్తన్నారు వదినా. సామాన్లతోటి."

వీధిలో హారను మోగింది. సింహాచలమ్మ కళ్ళు తుడుచుకుంటూ గేటుకు పరుగెత్తింది.

సాయంత్రానికి నూకయ్య ఇంట్లో ఒక గది తగ్గి, ముగ్గురు మనుషులు పెరిగారు.