కిటికీ పక్క కుర్చీ

శుక్రవారం పొద్దున వారిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటిలోపు, ఆఫీసు ప్రోగ్రాముకి నెరిడా రాసిన 'తొడుగు' అనే ముక్కలోంచి ఒక్క లైను కొట్టేయాలి. ఇప్పుడది ఎంత పొందిగ్గా ఉందో పదింటికి అందరి ముందూ చూపించాలి. సాయంత్రానికి కిటికీ పక్క కుర్చీలో కూర్చోవాలి.

బ్రిస్బేన్ నదికి ఎదురుగా ఉన్న ఆ ఆఫీసులో కిటికీ ఒక్కటే. దాని పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న పెద్దాయన పోయిన నెల రిటైరై చేపలు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ ఎవరికో శుక్రవారం చెబుతానంది యజమానురాలు కొలీన్. పదకొండేళ్ళుగా గోడ చూస్తూ పనిచేస్తున్న వారిక్‌కి అది తనదేనన్న ధీమా ఉండేది, నెరిడా వచ్చేదాకా.

ఆమె వచ్చి నాలుగు నెలలైంది. బీచ్‌లని కాచే క్లబ్బులకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం వాళ్ళ పని. ఏ పూట ఏ గార్డు ఒడ్డున ఉండాలో ప్రోగ్రాము ఒక ఫైలు తెరిచి, చదివి చెబుతుంది. తెరిచిన ఫైలు మూయడం మరిచిపోతే అవి పేరుకుపోయి ప్రోగ్రాము ఊపిరాడక చస్తుంది. దానికి నెరిడా ఒక తొడుగు రాసింది. ఫైలు కావాలంటే తొడుగునే అడగాలి. అదే తెరుస్తుంది, పని అయినా చెడినా అదే మూస్తుంది. కొలీన్ మురిసిపోయి స్వయంగా లామింగ్టన్ కేకులు చేసి తెచ్చింది. పదకొండేళ్ళలో వారిక్ కోసం ఆవిడ ఒక బిస్కెట్టు ముక్క తెచ్చిన పాపాన పోలేదు. అతను లామింగ్టన్ ముట్టలేదు. కడుపు మండుతుంటే కేకు ఎక్కడ దిగుతుంది?

అది చాలనట్టు ఆ అమ్మాయి అతన్ని "గురువుగారూ" అంటుంది. వెటకారం కాకపోతే ఏమిటి?

తొడుగులో అతనికి గిట్టని లైను ఇది: మొత్తం చదివాకే మూయి. తెరవమన్నాక, చదవమన్నాక, మళ్ళీ ఈ చాదస్తం దేనికని కొట్టేశాడు. ఏ మార్పుకైనా రెండో మనిషి చూసి సరేననాలన్నది ఆఫీసు నియమం. ఎనిమిదిన్నరకి అక్కడున్న రెండో మనిషి నెరిడాయే.

"చిన్న మార్పు చేశాను. చూసి సరేనను."

"మీరు చేశాక నేను చూసేదేముంది, గురువుగారూ," అంటూ చూడకుండానే మీట నొక్కేసింది.

"ఎందుకా వెటకారం?"

"వెటకారమేంటి? నిజంగానే అన్నా."

వారిక్ పళ్ళు కొరుక్కున్నాడు. ఈ నాలుగు నెలల కోపంలో, ప్రోగ్రాములు రాయడానికి వాళ్ళు వాడే భాష స్వభావమే మరిచిపోయాడు. అది ఒట్టి బద్ధకపు భాష. చదవమంటే అలాగే అంటుంది, ఏం చదివావని ఎవరైనా నిలదీసేదాకా కదలదు. పాలు తెమ్మంటే సరేనని, టీ అడిగినప్పుడు చెప్పులు వెతుక్కునే రకం. అందుకే నెరిడా ఆ లైను పెట్టింది. అది లేకపోయేసరికి ఫైలు తెరుచుకుంది, తర్వాత చదువుదాంలే అనుకుంది ఆ భాష, ఇంతలో తొడుగు ఫైలు మూసేసింది. తొమ్మిదింటికి, ఆ పూట గార్డులెవరో ఒడ్డున చూపించే బోర్డు పేర్లు అడిగితే, ప్రోగ్రాము ఖాళీ జాబితా చేతిలో పెట్టింది.

గార్డులు లేరు కనక బీచ్ మూసేశామని బోర్డు ఎర్రగా వెలిగింది. ఇరవైమంది గార్డుల ఫోన్లకీ ఈ రోజు మీకు పని లేదని సందేశం వెళ్ళింది. వాళ్ళు హాయిగా సర్ఫింగ్ బోర్డులు చంకన పెట్టుకుని పక్క బీచ్‌కి పోయారు. క్లబ్బు పెద్ద ట్రెవర్ ఫోన్ చేశాడు.

"కొలీన్, మూడు బస్సుల బడిపిల్లలు దిగారు. మూడొందల సాసేజీలు పెనం మీదున్నాయి. నా బీచ్ ఎందుకు మూశావమ్మా?"

"ఆ తొడుగు వల్లే," అన్నాడు వారిక్ వెంటనే. "కొత్తవాళ్ళ పని అలాగే ఉంటుంది. పీకేసి పాత పద్ధతి పెట్టేస్తా. రెండు నిమిషాలు."

నెరిడా ముఖం వాడిపోయింది. నాలుగు నెలల తర్వాత వారిక్ కడుపు చల్లబడింది.

పేర్లు వచ్చాయి. గార్డులు తిట్టుకుంటూ వెనక్కొచ్చారు, పిల్లలు నీళ్ళలో దిగారు. గెలిచిన సంబరంలో వారిక్ ఫైలు మూసే లైను రాయడం మరిచిపోయాడు. బోర్డు సెకనుకోసారి పేర్లడుగుతుంది, అడిగినప్పుడల్లా ఒక ఫైలు తెరుచుకుంది. పదిహేడు నిమిషాలకి ప్రోగ్రాము ఊపిరాడక పడిపోయింది. ప్రోగ్రాము పడిపోతే ఒడ్డున సైరన్ మోగే ఏర్పాటు చేసింది కూడా వారిక్కే. ఆ ఒడ్డున సైరన్‌కి ఒకటే అర్థం, షార్క్ వచ్చిందని.

ట్రెవర్ మళ్ళీ ఫోన్ చేశాడు. "బీచ్ అంతా ఖాళీ. టీవీవాళ్ళు కూడా దిగారు. షార్క్ ఎలా ఉంది అని అడుగుతున్నారు, ఏం చెప్పను?"

కొలీన్ వారిక్ వైపు చూసింది. "ఆరడుగులుంటుంది. గడ్డం కూడా ఉందని చెప్పు."

పదింటి సమావేశం పదకొండున్నరకి మొదలైంది. ఎవరు ఏ లైను ఎప్పుడు కొట్టేశారో చూద్దామని కొలీన్ నెరిడా రాసిన తొడుగుని మొదటినుంచీ పెద్ద తెర మీద పెట్టింది. అన్నిటికంటే పైన నాలుగు నెలల కిందటి మాట ఒకటుంది: "ఈ ఆలోచన నాది కాదు. తొమ్మిదేళ్ళ కిందట టూవూంబాలో వారిక్ ఇచ్చిన ఉపన్యాసంలోది. 'మొత్తం చదివాకే మూయి' అన్న లైను ఎవరైనా కొట్టేయాలనుకుంటే ముందు ఆయన్ని అడగండి."

టూవూంబా వారిక్‌కి గుర్తొచ్చింది. ఎనిమిదిమంది వచ్చారు, అందులో ఐదుగురు పిజ్జా కోసం. ముందు వరసలో ఒక అమ్మాయి మాత్రం ప్రతి ముక్కా రాసుకుంది. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు చదివారనుకున్నా," అంది నెరిడా. "లేకపోతే గురువుగారని ఊరికే అంటానా?"

"లామింగ్టన్లు నీకోసమే చేశాను," అంది కొలీన్. "అది చదివాక, ఇన్నేళ్ళూ నీకేమీ చేయలేదే అనిపించింది. నువ్వేమో ముట్టనైనా లేదు. కుర్చీ కూడా ఈ రోజు నీకే ఇద్దామనుకున్నా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఆ ఫైలు మూసేశాను."

నెరిడా ఆ కుర్చీ తనకొద్దంది, మధ్యాహ్నం ఎండ తెర మీద పడుతుందట. సోమవారం నుంచి కిటికీ పక్కన ప్రింటరు కూర్చుని నది చూస్తోంది.